నిలబడ్డ ఆట

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. జగిత్యాలలో ఇప్పుడు కరెంటు పోవడం ఎవరికీ పట్టదు. ఇన్వర్టర్ అందుకునేలోపు ఫ్యాను కాస్త నెమ్మదించింది, అంతే. కానీ ఆ కాస్త వ్యవధిలోనే నేను ఒళ్లోని చిక్కుడుకాయల పళ్లెం కింద పెట్టి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో వెంటనే నాకే తెలియలేదు. కోడలు వంటింట్లోంచి తొంగి చూసి, "ఏమైంది అత్తమ్మా?" అంది. ఏం లేదని మళ్లీ కూర్చున్నాను. కరెంటు పోతే చదరంగం ఆడాలని నా ఒంటికి చిన్నప్పుడే అలవాటైపోయిందని చెబితే, ఆ పిల్ల నన్ను సాయంత్రానికల్లా డాక్టరు ముందు కూర్చోబెడుతుంది.

మాది సిరిసిల్ల. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు. మా వీధిలో ప్రతి ఇంటి ముందుగదిలోనూ సాంచలే ఉండేవి. మనుషులు వెనకగదుల్లో ఎలాగో సర్దుకునేవాళ్లు. పొద్దున లేచింది మొదలు అదే చప్పుడు. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి మేమంతా అరుచుకుంటూ పెరిగాం. పెళ్లిళ్లకు వేరే ఊరు పోతే, వీళ్లు ఎప్పుడు చూసినా కొట్లాడుకుంటూనే ఉంటారేమిటని చుట్టాలు గుసగుసలాడేవాళ్లు. చప్పుడుకు తోడు వాసనలు. పడుగు దారానికి పట్టించే గంజి వాసన, సాంచలకు పోసే నూనె వాసన, గడప గడపలో ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకొని చుట్టే బీడీల తంబాకు వాసన. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా అవన్నీ వచ్చేవి. పెళ్లయి వచ్చిన కొత్తలో జగిత్యాల అన్నం నాకు చప్పగా ఉందంటే మా అత్తగారు చాలా నొచ్చుకున్నారు.

కరెంటు పోయినప్పుడు మాత్రం వీధి మొత్తం ఒక్కసారిగా ఆగిపోయేది. ఎవరో దగ్గడం, ఎక్కడో పావురాలు కువకువలాడటం, అప్పుడు మాత్రమే వినబడేవి. మగవాళ్లు కనుబొమల మీది దూది నుసి తుడుచుకుంటూ అరుగుల మీదికి వచ్చేవాళ్లు. కొందరు బీడీ ముట్టించేవాళ్లు, కొందరు కూర్చున్నచోటే కునుకు తీసేవాళ్లు. మా బాపు మాత్రం దండెం మీంచి చదరంగం గుడ్డ తీసి అరుగు మీద పరిచేవాడు.

ఆ గుడ్డ ఆయన నేసిందే. మా తాత నాటి చేతిమగ్గం అమ్మేసే ముందు బాపు దాని మీద నేసిన ఆఖరి గుడ్డ. నల్ల నూలు దొరక్క ఎర్ర నూలు వేశాడు కాబట్టి మా చదరంగంలో గళ్లు ఎరుపూ తెలుపూ. పావులేమో విరిగిన కండెలు, అంటే పేక దారం చుట్టే కర్రముక్కలు. వాటిని కోసి, గాట్లు పెట్టి, ఒకటి ఏనుగన్నాడు, ఒకటి గుర్రమన్నాడు. రాజు నెత్తిన మాత్రం పాత చొక్కా ఇత్తడి గుండీ ఉండేది. ఏది శకటో ఏది మంత్రో బయటివాళ్లకు ఎంత చెప్పినా తెలిసేది కాదు.

మేం ఆడింది దేశవాళీ ఆట. ఇప్పటి పిల్లలు ఆడే ఆటకూ దానికీ కొంచెం తేడా ఉంది. మా బంటు ఎప్పుడూ ఒక్క గడే నడిచేది. ముఖ్యంగా మా రాజుకు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దుంకే హక్కు ఉండేది. రాజు మీదికి ఎదుటివాడి పావు గురిపెడితే "షే" అనాలి. ఆ షే పడ్డప్పుడు కూడా రాజు దుంకి తప్పించుకోవచ్చు. ఆ దుంకుడు ఒకసారి అయిపోయిందా, ఇక ఒక్కొక్క గడి నడుచుకోవాల్సిందే. తప్పించుకునే దారి లేకపోతే మాత్.

ఆట సగంలో ఉండగా కరెంటు వచ్చేది. వచ్చిందంటే చేతిలో ఉన్న ఏనుగును ఉన్నచోటే దించి లోపలికి పరుగు. పావులు ఎక్కడివక్కడే నిలిచి ఉండేవి. వాటి మీద గంప బోర్లించేవాళ్లు. దాన్ని నిలబడ్డ ఆట అనేవాళ్లు. మళ్లీ కరెంటు పోయినప్పుడు గంప ఎత్తి అక్కడి నుంచే ఆడేవాళ్లు. ఆ మధ్యలో సాంచ ముందు నిలబడి తెగిన పోగులు అతుకుతూ కూడా ఇద్దరికీ మనసులో ఆటే నడిచేది. నిలబడ్డ ఆటను వదిలేసి ఊరు దాటకూడదని మా వీధిలో గట్టి పట్టింపు. పెళ్లికైనా పురుడుకైనా ఆట ముగించే బస్సెక్కాలి. ఎందుకని అడిగితే పెద్దవాళ్లు కసిరేవాళ్లు, కారణం వాళ్లకూ తెలియదు కాబట్టి.

ఒకసారి నేనూ పక్కింటి పిల్లా గంప ఎత్తి ఒక బంటును ఒక గడి ముందుకు జరిపాం. ఏమవుతుందో చూద్దామని, అంతకంటే పెద్ద దుర్బుద్ధి లేదు. సాయంత్రం కరెంటు పోయింది. బాపు వచ్చి గంప ఎత్తాడు. ఇంకా కూర్చోలేదు, ఒక చేత్తో గంప పట్టుకునే చూశాడు.

"గీ బంటు నడిసొచ్చింది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నడిపితె నడిపినవ్. మంచి ఎత్తన్న ఎయ్యరాదే పిల్లా? గిట్ల ఏస్తె నీ కాక ఏనుగు పోతది."

నా మీద పడాల్సిన దెబ్బలు నవ్వులో పోయాయి. కాక అంటే పక్కింటాయన, నాతో చేరి బంటును జరిపిన పిల్లకు తండ్రి. మా బాపుకు చుట్టం కాదు, కానీ అరుగు మీద రోజూ ఎదుటివైపు కూర్చునే మనిషి ఆయనే. గట్టిగా పావులు కొట్టేవాడు, ఓడిపోతే గాలి వల్ల పావు జరిగిందనేవాడు. సిరిసిల్లలో మా బాపును ఎప్పుడో ఒకసారైనా గెలిచిన మనిషి ఆయనొక్కడే.

నేను బడికి పోయే ఆ రోజుల్లోనే మా వీధి ఖాళీ అవడం మొదలైంది. నూలు ధర పెరిగిందని, గుడ్డ అమ్ముడుపోవడం లేదని, మాకు నూలిచ్చి గుడ్డ నేయించుకునే సేట్లు పని తగ్గించారు. మనుషులు మహారాష్ట్రలోని భివండికి పోయేవాళ్లు. అక్కడ సాంచలు పగలూ రాత్రీ ఆడతాయట. ఒకరోజు కాక కూడా బయల్దేరాడు. వెళ్లేముందు సంచి మోకాళ్ల మీద పెట్టుకొని మా అరుగు మీద కూర్చున్నాడు. ఆట ఒకటి నిలబడి ఉంది మరి. ఆయన భార్య, ఆ పిల్ల వీధి మలుపులో మూటలతో నిలబడి ఉన్నారు.

"భివండిల కరెంటే పోదట అన్నా" అన్నాడు కాక గొప్పగా.

"మరి ఆట?" అన్నాడు బాపు.

కాక పావుల వైపు తిరిగాడు. ఏదో ఎత్తు వేశాడు, ఇంకేదో వేశాడు. చూడకుండా వేస్తున్నాడని నాకే తెలిసిపోయింది. "ఓడిన తియ్యి అన్నా, బస్సున్నది" అని లేచాడు. బాపు వీధి మలుపు దాకా వాళ్ల మూట మోసి వచ్చాడు. నేను ఆ పిల్లకు చేయి ఊపాలనుకున్నాను. కానీ అది బస్సెక్కే సంబరంలో నా వైపు చూడలేదు. ఆ తర్వాత ఆ వీధిలో నా ఈడు ఆడపిల్ల ఇంకెవరూ మిగల్లేదు. బడి నుంచి వచ్చి తాళాలు వేసిన గడపల మీద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. ఒంటరితనం అనే మాట నాకు అప్పుడు తెలియదు, పొద్దు పోవడం లేదనేదాన్ని.

బాపు పరిస్థితీ అదే. కరెంటు పోయినప్పుడు గుడ్డ పరిచి, ఒక ఎత్తు ఇటు వేసి, చుట్టూ తిరిగి అటువైపు కూర్చొని ఒక ఎత్తు వేసేవాడు. అలా ఎన్నాళ్లు ఆడాడో. ఒకరోజు నన్ను చూసి, "దా, కూసో" అన్నాడు. నన్ను కూర్చోబెట్టింది ముద్దు చేసి కాదు, మనుషులు కరువై. ఆ సంగతి నాకు తెలుసు, అయినా నేలకు కాళ్లు ఆనలేదు.

ఆట నేర్పడంలో ఆయనకు జాలి లేదు. ముట్టుకున్న పావు నడపాల్సిందే. ఏడిస్తే ఏడ్చినంతసేపు బీడీ తాగుతూ కూర్చునేవాడు, ఎత్తు మాత్రం వెనక్కి తీసుకోనిచ్చేవాడు కాదు. అమ్మ సర్వపిండి కాల్చి తెస్తే, నూనె చేతులతో పావులు ముట్టొద్దని ముందు ఆట, తర్వాత తిండి అనేవాడు. అది చల్లారి అట్టలా అయ్యేది. చల్లారిన సర్వపిండి నాకు ఇప్పటికీ ఇష్టం, వేడిది అంత రుచించదు.

"ఆడివిల్లకు బీడీలు చేసుడు నేర్పాలె గని గిదేం చదువయ్యా?" అనేది అమ్మ.

"బీడీలు నువ్వున్నవ్ గద" అనేవాడు బాపు.

అమ్మకు కోపం వచ్చేది కానీ, నా వాటా ఆకులు కూడా తనే కత్తిరించుకునేది. నేను బడిలో లెక్కలు చేస్తున్నప్పుడు, బోరింగు దగ్గర బిందె నిండుతున్నప్పుడు, ఎర్ర గళ్లు తెల్ల గళ్లే కళ్ల ముందు ఆడుతుండేవి. ఎదుటివాళ్ల గుర్రం ఎక్కడికి దుంకుతుందో ముందే చూడటం వచ్చేసింది. ఎలా వచ్చిందో చెప్పలేను. ఈదడం వచ్చినట్టు ఒకరోజు వచ్చింది.

ఏడాది తిరిగాక బాపు నన్ను కోరుట్ల అంగడికి వెంట తీసుకుపోయాడు. లుంగీలు, తువ్వాళ్లు అమ్మడానికి అప్పుడప్పుడు పోయేవాడు. అంగడి పక్కన రేకుల కింద ఒక తాళ్లెక్కే మామ కూర్చునేవాడు. పొద్దున చెట్లు గీసి, సాయంత్రం మళ్లీ గీసేదాకా ఆయనకు చదరంగమే పని. ఆయన దగ్గర కల్లు వాసన, పక్కన గోడకు ఆనించి ఎక్కే మోకు. జగిత్యాల నుంచీ మెట్‌పల్లి నుంచీ మనుషులు ఆయనతో ఆడటానికి వచ్చేవాళ్లట. మా బాపూ ఆయనా ఎదురుపడితే అంగడి సగం ఆగిపోయేది.

ఆరోజు బాపు తువ్వాళ్ల బేరంలో ఉన్నాడు. మామ నన్ను చూసి, "మీ బాపు అచ్చేదాక నువ్వు పావులు పెట్టు బిడ్డా" అన్నాడు. నేను పావులు పెట్టి, బంటును ఒక గడి నడిపాను. ఆయన నవ్వి తనూ నడిపాడు. కాసేపటికి ఆయన నవ్వు ఆగింది. ఇంకాసేపటికి చుట్టూ జనం. బాపు బేరం ముగించుకుని వచ్చేసరికి మామ నెత్తి గోక్కుంటున్నాడు. ఆయన రాజు దుంకుడు కూడా అయిపోయింది, పోవడానికి గడి లేదు.

"నీ బిడ్డనా ఇది?" అన్నాడు మామ. "అయితే నీ పని గూడ అయిపోయింది తియ్యి. ఇయ్యాల నన్ను కొట్టింది, రేపు నిన్ను కొడ్తది సూడు."

మిరపకాయ బజ్జీలు కాగితంలో కట్టించి ఇచ్చాడు. వాటి కారానికి కళ్లల్లో నీళ్లు కారుతుంటే బస్సులో కిటికీ వైపు తిరిగి తిన్నాను. బాపు దారి పొడుగునా మోకాలి మీద వేలితో గళ్లు గీశాడు. సిరిసిల్ల దగ్గరపడ్డాక, "శకటు ఎప్పుడు పెట్టినవ్ గక్కడ?" అని మెల్లగా అడిగాడు. నేను చెప్పాను. తల ఊపాడు. నా జీవితంలో అంత గర్వపడింది మళ్లీ లేదు.

తర్వాతి సారి కోరుట్ల పోతే రేకుల కింద ఎవరూ లేరు. మామకు మస్కట్ వీసా వచ్చిందని అంగట్లో ఒకాయన చెప్పాడు. బాపు కొంచెంసేపు ఆ రేకుల కిందే కూర్చున్నాడు. తువ్వాళ్లు కూడా పెద్దగా పోలేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యే వేళకు మా ఇంటికీ పని ఆగిపోయింది. సేటు దగ్గర్నుంచి బీములు రాలేదు. పడుగు చుట్టిన బీము రాకపోతే సాంచ ఎంత మంచిదైనా ఇనుప ముక్కే. కరెంటు ఉండి కూడా మా వీధి చప్పుడు లేకుండా పడి ఉండటం అప్పుడే మొదటిసారి చూశాను. నాకు భయం వేసింది. బాపుకూ నాకూ ఇక కరెంటు పోవాల్సిన అవసరం లేకుండా పోయింది. పొద్దంతా ఆటే.

కాక భివండి నుంచి కబురు పంపాడు. తన పక్కన సాంచలు ఖాళీ ఉన్నాయి, అన్నను తొందరగా రమ్మనండి, లేకుంటే వేరేవాళ్లు వస్తారని. కబురు తెచ్చిన మనిషి పోగానే అమ్మ అరుగు మీదికి వచ్చింది.

"బీము లేకపాయె, బియ్యం నిండుకున్నయి. అందరు బతకపోతుండ్రు. నువ్వేమో గీ కండెలు ముంగటేసుకొని కూసున్నవ్. ఎప్పుడు పోతవయ్యా?"

"పోత తియ్యి" అన్నాడు బాపు, కళ్లు ఎత్తకుండా. "గీ పోరి నన్ను గెలిసిననాడు పోత."

"గది గెలుసుడెప్పుడు, నువ్వు పోవుడెప్పుడు?" అని అమ్మ విసురుగా లోపలికి పోయింది.

ఆయన సరదాకే అన్నాడు. వెళ్లాలని లేని మనిషి ఏదో ఒక అడ్డం పెట్టుకున్నాడు. కానీ నాకు అప్పుడు అదొక ఒట్టులా వినబడింది. నేను గెలిస్తే బాపు వెళ్లిపోతాడు. గెలవకపోతే ఉంటాడు. అంత తేలిక.

అప్పటికే నేను ఆయనకు దగ్గరికి వచ్చేశాను. కొద్దిరోజులకే ఒక ఆటలో ఆయన మంత్రి నా గుర్రానికి అందే గడిలో నిలబడింది. కొడితే ఆట నాదే. నేను దాన్ని కొట్టకుండా అంచున ఉన్న ఒక బంటును నడిపాను.

బాపు బీడీ పక్కన పెట్టాడు. "గుర్రం కనవడలేదా?"

"లే."

"కనవడలేదా, కనవడ్డదా?"

నేను తల దించుకుని గుడ్డ అంచు పోగులు లాగుతూ కూర్చున్నాను. ఆయన మళ్లీ బీడీ అందుకున్నాడు. సాంచ ముందు నిలబడి కూడా ఆట మొత్తం మనసులో పెట్టుకునే మనిషిని నేను మోసం చేయగలనా? అయినా రోజూ అదే పని చేశాను. గెలిచే ఎత్తు వెతకడం, దాన్ని వేయకుండా ఇంకోటి వేయడం. ఓడిపోవడానికి అంత ఆలోచించాలని నాకు అంతకుముందు తెలియదు.

ఇంట్లో అన్నం పోయి మొక్కజొన్న రవ్వతో వండే మక్కగట్క వచ్చింది. గట్క పలచనై అంబలి అయింది. బాపు ఆకలిగా లేదని రోజుకో పూట లేచిపోయేవాడు. నాకొక తమ్ముడు, ఇంకా చిన్నవాడు, వాడికి ఆకలిగా లేకపోవడం ఎలాగో తెలియదు. అమ్మ బీడీలు చేస్తూనే ఉండేది, మాట్లాడటం మానేసింది. బాపు అప్పుడప్పుడు ఆట మధ్యలో అమ్మ వైపు చూసేవాడు. ఆ చూపు చూసినప్పుడల్లా నేను తొందరగా ఏదో ఒక ఎత్తు వేసేదాన్ని.

ఒకరోజు ఆయన ఆట తీరు మారింది. మొదట్లోనే తన రాజును ఏ అవసరం లేకుండా మూలవైపు దుంకించాడు. అంత విలువైన దుంకుడును ఉత్తపుణ్యానికి పారేశాడేమని ఆశ్చర్యపోయాను. తర్వాత నా రాజుకు షే పెట్టాడు. దుంకితే తప్ప బయటపడలేను. దుంకాను. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం మామూలుగానే ఆడాం. నేను ఎప్పటిలా గెలుపుకు దూరంగా జరుగుతున్నాను. ఆయన మాత్రం మూలన ఉన్న తన రాజు చుట్టూ తన బంట్లనూ ఏనుగునూ చేర్చి మెల్లగా దారులన్నీ మూసేసుకుంటున్నాడు. చివరికి రెండో ఏనుగును తెచ్చి నా రాజుకు ఎదురుగా పెట్టాడు.

"షే" అన్నాడు.

నేను చూశాను. నా రాజు కదలడానికి గడి లేదు. అడ్డం పెట్టడానికి పావు లేదు. దుంకుడు అయిపోయింది. ఉన్నది ఒకటే ఎత్తు, నా గుర్రంతో ఆ ఏనుగును కొట్టడం. కొడితే ఆ గడి నుంచి నా గుర్రం మూలన ఇరుక్కున్న ఆయన రాజుకు షే పెడుతుంది. ఆయన రాజు కదలలేదు, దుంకలేదు, నా గుర్రాన్ని కొట్టడానికీ ఆయన పావు ఏదీ అందదు. మాత్.

తను ఓడిపోవడానికి ఆయన ఆ ఆటంతా కట్టుకుంటూ వచ్చాడు. నన్ను గెలవక తప్పనిచోట నిలబెట్టాడు.

"ఎత్తు నీదే బిడ్డా" అన్నాడు.

నేను వేయలేదు. లేచి గంప తెచ్చి ఆట మీద బోర్లించాను. నిలబడ్డ ఆటను వదిలి ఊరు దాటకూడదు కదా. మా వీధి పట్టింపు నా పక్షాన ఉంది. నేను ఆ ఎత్తు వేయనంతకాలం బాపు ఎక్కడికీ పోలేడు. మర్నాడు ఆయన గంప పక్కన కూర్చొని నా కోసం చూశాడు. నాకు కడుపునొప్పన్నాను. ఆ మర్నాడు బడిలో పనుందన్నాను. అమ్మకు ఆట తెలియదు కానీ, గంపకూ నాకూ ఏదో పంతం నడుస్తోందని అర్థమైంది. నా కంచంలో అంబలి పోస్తూ ఒకసారి నా తల మీద చేయి పెట్టి తీసేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

వీధి చివర ఒకే ఒక ఇంట్లో ఇంకా పని నడుస్తోంది. అక్కడ పెద్ద తొట్టిలో దారానికి పట్టించే గంజి కాచి చల్లార్చారు. ఆ గంజికి పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, నీలంగా ఉండే విషం. మా వీధిలో పుట్టిన ప్రతి పిల్లకూ నడక రాకముందే నేర్పే మాట, ఆ తొట్టి ముట్టొద్దని. ఆ మధ్యాహ్నం ఆడవాళ్ల అరుపులు విని పరుగెత్తాను. తమ్ముడు తొట్టి పక్కన కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా గంజి. మూతి నిండా గంజి.

"అంబలనుకున్న" అన్నాడు వాడు నన్ను చూసి.

ఎవరో ఉప్పునీళ్లు తాగించారు. ఎవరో తలకిందులుగా పట్టుకున్నారు. వాడు నీలంగా కక్కాడు. కక్కి, ఏడ్చి, అమ్మ భుజం మీద నిద్రపోయాడు. రెండోసారి కూడా కక్కించాక ఇక గండం లేదన్నారు. బాపు వాడి అరిపాదాలు పట్టుకుని అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. మగవాళ్లు ఏడవడం నేను చూడలేదని చెప్పను. ఆరోజు చూశాను.

ఇంటికి వచ్చాక నేనే గంప ఎత్తాను. బాపు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నా గుర్రాన్ని పట్టుకున్నాను. ముట్టుకుంటే నడపాల్సిందే. ఏనుగును కొట్టి ఆ గడిలో నిలబెట్టాను.

"షే అను బిడ్డా. అనకపోతె ఎత్తు కాదు."

నేను గుర్రం మీది వేలు తీయలేదు.

"షే" అన్నాను.

ఆయన గుడ్డ మీదికి వంగి చాలాసేపు చూశాడు. తను కట్టిన ఉచ్చులో తనకే ఏదైనా సందు మిగిలిందేమోనని వెతుకుతున్నట్టు చూశాడు. తర్వాత "మాత్" అని తనే అన్నాడు. లోపలికి తలతిప్పి, "ఏమే, పోరి గెలిసింది" అన్నాడు.

అమ్మ తమ్ముణ్ని ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర కూర్చుని ఉంది. ఆ మాట కోసం ఎన్నాళ్ల నుంచి పోరుపెట్టిందో నాకు తెలుసు. ఇప్పుడు విని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకొక్క ఆట ఆడుండ్రి" అంది.

"ఇంకెందుకే" అన్నాడు బాపు. "మంచిగ గెలిసింది."

మర్నాడు పొద్దున్నే అప్పు తెచ్చిన పిండితో అమ్మ మక్కరొట్టెలు చేసింది. వెల్లిపాయ కారం కట్టింది. బాపు గుడ్డనూ కండెలనూ మూటకట్టి నా చేతికిచ్చాడు. "ఆట ఇడవకు బిడ్డా. పైలంగ ఉండు" అన్నాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి తమ్ముడికి చేయి ఊపాడు, అమ్మను చూశాడు. నన్ను చూడలేదు. చూస్తే దిగిపోతాడేమోనని చూడలేదని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అయ్యుండవచ్చు, కాకపోవచ్చు.

ఆయన పంపిన దానితో మేం అన్నం తిన్నాం, తమ్ముడు చదువుకున్నాడు. ఆ ఎత్తు వేసినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. దుఃఖం మాత్రం ఉంది, అది వేరే. బాపు ఏడాదికోసారి వచ్చేవాడు. వచ్చిన నాలుగు రోజులూ నిద్రపోయేవాడు. చెవులు బాగా మందగించాయి. ఒకసారి నేను గుడ్డ పరిస్తే ఎదురుగా కూర్చుని, పావులు సర్దుతూ సర్దుతూనే కునికాడు. లేపబుద్ధి కాలేదు. కొన్నేళ్లకు ఒక వానకాలం భివండిలోనే పోయాడు. మేం చేరేసరికి అంతా అయిపోయింది.

నేను ఆట వదల్లేదు. మా బడి సారు జగిత్యాల పోటీకి తీసుకొచ్చాడు. అక్కడ రాజు దుంకడం లేదని తెలిసి మిగతా పల్లెటూరి పిల్లలు కంగారుపడ్డారు కానీ, నాకు ఆ కొత్త పద్ధతి తొందరగానే పట్టుబడింది. దుంకే రాజు మీద నా మనసు అప్పటికే విరిగింది. ఆ పోటీ గెలిచాను. ఓడిపోయిన పిల్లవాడు లేచి పోతుంటే అతని చొక్కా పట్టుకుని, "పోకు, ఇంకో ఆట ఆడుదాం" అన్నానట. అందరూ నవ్వారని సారు చాలాకాలం చెప్పేవాడు. ఆ తర్వాత జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో పోటీ ఎక్కడ పెట్టినా నన్ను పిలిచేవాళ్లు. పెళ్లయ్యాక కూడా ఆడాను, మా ఆయన పాపం సంచి మోసుకుంటూ వచ్చేవాడు. ఈ మూడు ఊళ్లు దాటితే నేనెవరో ఎవరికీ తెలియదు. ఈ మూడు ఊళ్లలోనూ నాతో ఆడినవాళ్లలో ఇప్పుడెవరూ లేరు. నన్ను ఓడించినవాళ్లూ, నేను ఓడించినవాళ్లూ దుబాయికో మస్కట్‌కో భివండికో పోయారు. కొందరు పోయి వచ్చారు కానీ, ఆట మర్చిపోయి వచ్చారు.

పోయిన నెల ఇక్కడి బడిలో చదరంగం పోటీ పెట్టి, బహుమతులు ఇవ్వడానికి నన్ను పిలిచారు. శాలువా కప్పారు. పిల్లల్ని ఏదైనా అడగమన్నారు. ముందు వరుసలో రెండు జడల పిల్ల లేచి, "అమ్మమ్మా, మీరు గెలిచిన ఆటల్ల అన్నిటికంటే పెద్ద ఆట ఏది?" అని అడిగింది. సిద్ధంగా ఏమీ అనుకోలేదు. "మా బాపును గెలిచిన ఆట" అని నోట్లోంచి వచ్చేసింది. పిల్లలంతా కేకలు వేసి చప్పట్లు కొట్టారు. ఎంతకీ ఆపడం లేదు. ఏం చేయాలో తోచక నేను కూడా వాళ్లతో పాటు చప్పట్లు కొట్టాను.